పది లెక్కపెట్టేలోగా

నీగాతా రేవు దగ్గర, ఎగ్జిబిషన్ హాలు వెనక
లారీలు తిరిగే కాంక్రీటు మైదానం.
ఇవాళ లారీలు లేవు.
రెక్కలున్నాయి, ఫోము కవచాలున్నాయి,
నీలం జుట్లున్నాయి.
సముద్రం మీంచి వచ్చే గాలికి పిన్నులు చాలడం లేదు.

"వరుస ఇక్కడితో ఆఖరు" అని రాసిన అట్టని
కర్రకి కట్టి ఎత్తి పట్టుకునే పని నాది.
పొద్దుట్నుంచీ భుజం లాగుతోంది.
జీతం లేదు. ఒక భోజనం డబ్బా, చల్లారిన టీ సీసా.

ఇక్కడ ముందు అడుగుతారు.
కెమెరా గుండెకి ఆనించి, తల వంచి
"ఒక్కటి తీసుకోవచ్చా?"
సరేనంటే సరే.
తల అడ్డంగా ఊగితే
ఇంకోసారి వంగి వెళ్ళిపోవడమే.
ఎందుకని అడగరు.
కారణం చెబితేనే చెల్లే వద్దు
వద్దే కాదు.

తీయడం అన్న మాటకి ఎన్ని చేతులో.
తలుపు తీస్తాం, ముల్లు తీస్తాం,
కూనిరాగం తీస్తాం,
పరువూ తీస్తాం.
ఏ చేత్తో తీశామన్నది
మీట నొక్కాకే తెలుస్తుంది, ఒక్కోసారి మనకి కూడా.

కొంగల సేనాని వేషంలో ఉన్నది మినెగిషి కనామె.
వారానికి ఐదు రోజులు పళ్ళ డాక్టరు దగ్గర
జనం నోళ్ళు తెరిపించే ఉద్యోగం.
రెక్కల్లో మూడువందల పన్నెండు ఈకలు,
అన్నీ విరిగిన గొడుగుల గుడ్డే.
తొమ్మిది నెలల రాత్రుళ్ళు.
తెల్ల గ్లోవు కింద, చూపుడువేలికి
గ్లూగన్ కాల్చిన మచ్చ.

చుట్టూ మూగారు.
నేను కర్ర ఎత్తి లెక్క మొదలుపెట్టాను.
పది. తొమ్మిది.
చినుకుల్లా మొదలైన టిక్కు టిక్కులు
ఆరు దగ్గరికి వడగళ్ళయ్యాయి.
మూడు దగ్గర ఒకతను మోకాలు వంచాడు.
వంచడం తప్పేం కాదు,
అంత పెద్ద రెక్కలకి కిందనుంచే అందం.
కానీ లెన్సు చూస్తున్నది రెక్కల్ని కాదు.

ఆమె కనిపెట్టింది.
సేనాని కత్తి దించలేదు.
క్లినిక్కులో మాట్లాడే మెత్తటి గొంతుతో
"ఏదీ, చూపించండి" అంది.

రెండు నా నోట్లోనే ఆగిపోయింది.

అతను తెర ఇటు తిప్పాడు.
ఆమె గ్లోవు విప్పి, కాలిన వేలితో తనే
ఒకటి చెరిపింది. దాని ముందుది. ఆ ముందుది.
"మిగతావి బాగా వచ్చాయి" అంది.
అతని చెవులు కందిపోయాయి. చలికేమో.
మిగతావాళ్ళంతా బూట్లు చూసుకున్నారు.
కాసేపాగి నేను "రెండు" అన్నాను.
ఒక్క టిక్కూ వినపడలేదు.
ఒకటి అనలేదిక.

నాలుగింటికి, గోడౌను షట్టరు పక్కన
జుట్టు ఒళ్ళో పెట్టుకుని
నెత్తిమీద వలటోపీతో
అన్నం ముద్ద తింటోంది సేనాని.
గోడకి ఆనించిన రెక్క గాలికి కొట్టుకుంటోంది.
వాలిన ఎండ సరిగ్గా ఆ రెక్క మీదే.

సకకిబారాగారు అటుగా వచ్చారు.
సొట్టల కెమెరా, ముప్పై ఏళ్ళ మెడనొప్పి.
ఆగారు.
కనుబొమలెత్తి అడిగారు.
ఆమె నములుతూనే తల అడ్డంగా ఊపింది.
ఆయన లెన్సుకి మూత పెట్టేశారు.
టిక్.

తర్వాత, ఎగిరిపోయేలా ఉన్న రెక్కని చూపించి
"పట్టుకోనా?" అన్నారు.
ఈసారి తల నిలువుగా ఊగింది.
ఆమె తినడం అయిందాకా
రెక్క పట్టుకుని అలాగే నిలబడ్డారాయన,
ఎటో సముద్రంకేసి చూస్తూ.

నా రెండో చెయ్యి ఖాళీగానే ఉంది, జేబులో ఫోనుంది.
తీయలేదు.
ఇంటికొచ్చి ఇది రాశాను.
వాళ్ళనెవర్నీ అడగలేదు.

పేర్లు మార్చాను.
ఈకల లెక్క మాత్రం మార్చబుద్ధి కాలేదు.